వాచీ 98 అంటోంది, ఒళ్లు చాలంటోంది: నడకలో ఎవరి మాట వినాలి?

పర్లాకిమిడి నుంచి ఒకాయన అడిగిన ప్రశ్న ఇది. వయసు 52. రెండేళ్లుగా బీపీ, షుగరు ఉన్నాయి. బీపీకి మెటోప్రొలాల్ వేసుకుంటున్నారు. రోజూ అరగంట నడవమని డాక్టరు చెప్పారు. విశాఖలో ఉద్యోగం చేస్తున్న అబ్బాయి పండక్కి వచ్చి చేతికి వాచీ పెట్టి, గుండె వేగం 118 దాటితేనే ఆ నడక లెక్కలోకి వస్తుందని చెప్పి వెళ్లాడు. చొక్కా తడిసేలా నడిచినా వాచీ 98, 100 దగ్గరే ఆగిపోతోంది. పక్కనే అదే వేగంతో నడిచే బావగారికి 120 చూపిస్తోంది. ఎలాగైనా ఆ అంకె అందుకోవాలని నాలుగు రోజులుగా పరిగెడుతున్నారు. నిన్న మూడో రౌండులో కళ్లు తిరిగినట్టయి గట్టు మీద కూర్చుండిపోయారట. "నా నడక సరిపోతోందా, లేదా? వాచీతో పని లేకుండా తెలుసుకునే దారి ఉందా?" అని అడిగారు.

సార్, దారి ఉంది. కానీ ముందు ఆ పరుగు ఇవాళ్టితో ఆపేయండి. కళ్లు తిరిగిన సంగతి రేపే మీ డాక్టరుకి చెప్పండి. షుగరుకి గ్లైమెపిరైడ్ లాంటి మాత్రగానీ ఇన్సులిన్ గానీ వాడుతుంటే నిన్న మీకు షుగరు పడిపోయి ఉండవచ్చు. ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటి ఉంది. షుగరు పడిపోయినప్పుడు మామూలుగా గుండె దడదడలాడుతుంది, చేతులు వణుకుతాయి. మెటోప్రొలాల్ ఆ రెండింటినీ కప్పేస్తుంది. చెమట మాత్రం దాగదు. కాబట్టి ఉన్నట్టుండి చెమటలు పట్టి తల దిమ్ముగా అనిపిస్తే అది వ్యాయామం చెమటేలే అనుకోకుండా ఆగి, మూడు చెంచాల పంచదార నోట్లో వేసుకోండి. 15 నిమిషాల తర్వాత మళ్లీ షుగరు చూసుకోండి. జేబులో చిన్న పంచదార పొట్లం లేకుండా నడకకి వెళ్లొద్దు.

ఇక వాచీ సంగతి. నేను బరంపురంలో ఫిజియోథెరపిస్టుని. 22 ఏళ్లలో ఎక్కువ కాలం గుండె ఆపరేషన్లు అయినవాళ్లని మళ్లీ నడిపించే పనిలోనే ఉన్నాను. మీ అబ్బాయి చెప్పిన 118 ఎక్కడిదో తెలుసా? 220లోంచి వయసు తీసేస్తే 168. అందులో 70 శాతం 118. లెక్క తప్పు కాదు. అయితే 168 అనేది మీ వయసువాళ్లందరి సగటు. ఒక్కో మనిషికి అది 10, 12 అటూ ఇటూ సులువుగా మారుతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ లెక్క మెటోప్రొలాల్ వేసుకోనివాళ్లది. ఆ మాత్ర చేసే పనే గుండె వేగాన్ని పెరగనివ్వకుండా పట్టి ఉంచడం. అటెనొలాల్, బైసొప్రొలాల్ అయినా అంతే. డిల్టియాజెమ్ కూడా కొంతవరకు అలాగే చేస్తుంది. మీ గుండె 98 దగ్గర ఆగిందంటే మాత్ర పని చేస్తోందని అర్థం, మీరు తక్కువ నడిచారని కాదు. దానిమీద పట్టుబట్టి 118కి లాగాలంటే మామూలు మనిషి 145, 150 దగ్గర పడే శ్రమ మీరు పడాలి. మీరు ఆ నాలుగు రోజులూ చేసింది అదే. వాచీలో అంకె పెరగడం లేదని మాత్ర మానేసినవాళ్లని కూడా చూశాను. దయచేసి ఆ పని అసలు చేయకండి. ఈ జాతి మాత్రలు ఒక్కసారిగా ఆపితే గుండెపోటు దాకా వెళ్లే ప్రమాదం ఉంది.

మరి శ్రమని దేనితో కొలవాలి? మీ ఒంటితోనే. ఇదేదో మోటు పద్ధతి అనుకోకండి. గున్నార్ బోర్గ్ అని స్వీడన్‌కి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త 1960లలో దీనిమీద పనిచేసి, మనిషి తనకు తెలిసే శ్రమని తానే అంకెల్లో చెప్పగలడని చూపించాడు. ఆయన కొలత 6 దగ్గర మొదలై 20 దగ్గర ఆగుతుంది. సున్నా నుంచి ఎందుకు కాదంటే, ఆరోగ్యంగా ఉన్న మనిషి కూర్చున్నప్పుడు గుండె నిమిషానికి సుమారు 60 సార్లు కొట్టుకుంటుంది, ప్రాణం పెట్టి పరిగెత్తినప్పుడు యువకుడికి 200 దాకా పోతుంది. అందులోంచి ఒక సున్నా తీసేస్తే 6, 20. అంటే చెప్పిన అంకెని పదితో హెచ్చిస్తే సుమారుగా గుండె వేగం వస్తుంది. మీలా మాత్ర వేసుకునేవారికి ఈ హెచ్చింపు కుదరదు, కానీ అంకె కుదురుతుంది. ఇప్పటికీ గుండె రోగులకి వ్యాయామం నేర్పేచోట దీన్ని వదలకపోవడానికి కారణం ఇదే. మాత్ర గుండెని నెమ్మదింపజేస్తుంది కానీ కాళ్ల బరువు, ఊపిరి వేగం, ఒంట్లో వేడి ఇవన్నీ కలిపి మెదడు వేసే లెక్కని మాయం చేయలేదు.

6 అంటే వాలుకుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నట్టు. 9 అంటే రాత్రి భోజనమయ్యాక వీధి చివరిదాకా నింపాదిగా వెళ్లొచ్చినట్టు. 11 తేలిక. 13 దగ్గర కాస్త కష్టం తెలుస్తుంది, అయినా ఇంకో అరగంట సాగించగలననిపిస్తుంది. 15 అంటే నిజంగా కష్టం. 17 దగ్గర ఒంటిని బలవంతంగా తోయాలి. 20 అంటే ఇంక ఒక్క అడుగు పడదు. మీరు ఉండాల్సింది 12, 13 మధ్య. అప్పుడప్పుడు 14 తగిలినా ఫరవాలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దవాళ్లకి వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ కావాలని చెప్పింది కదా, ఆ మధ్యస్థం అనే మాటకి అర్థం ఇదే. మీ అరగంట నడక వారానికి ఐదు రోజులు 13 దగ్గర సాగితే 150 నిండినట్టే, వాచీ 98 చూపించినా సరే.

ఇక్కడిదాకా సులువే. అసలు చిక్కు మాటల దగ్గర వస్తుంది. దీని గురించి నేను కొంచెం ఎక్కువే చెబుతాను, ఎందుకంటే ఈ కొలత పనిచేయకపోవడం నేను చూసిన ప్రతిచోటా తప్పు మాటలదే.

ఈ పని మొదలుపెట్టిన కొత్తలో మా దగ్గరికి వచ్చే ఆడవాళ్లని "కష్టం ఎంతమ్మా?" అని అడిగేదాన్ని. ఒకావిడ ట్రెడ్‌మిల్లు మీద నడుస్తూ, "నాకేం కష్టం తల్లీ, మా అబ్బాయి బాగా చూసుకుంటాడు" అంది. మన భాషలో కష్టం అంటే ముందు గుర్తొచ్చేది బతుకులో కష్టం. సరే అని మాట మార్చి "ఆయాసం ఎంత?" అని అడగడం మొదలుపెట్టాను. అది ఇంకా చెడిపోయింది. మన వైపు ఆయాసం అంటే జబ్బు. "ఆయనకి ఆయాసం ఉంది" అంటే ఉబ్బసం ఉందని. అందుకే నిజంగా రొప్పుతున్నవాళ్లు కూడా కంగారుపడి "అబ్బే, ఆయాసం లేదండీ" అనేవాళ్లు. ఒడియా పేషెంట్లతో ఈ ఇబ్బంది తక్కువ. "హాలియా లాగుచి" అంటే అది అలసటే. రొప్పుకి వాళ్లకి ధఇసఇ అని వేరే మాట ఉంది. రెండూ కలగవు. చివరికి తెలుగులో నేను కుదుర్చుకున్న ప్రశ్న ఇది: "ఇప్పుడు మీ ఒళ్లు ఎంత పని చేస్తోంది?" పని అనగానే మనవాళ్లకి లెక్క తెలుస్తుంది. పని ఎక్కువైతే సిగ్గుపడాల్సింది లేదు, జబ్బేమో అన్న భయమూ లేదు.

సిగ్గు గురించి కూడా చెప్పాలి. బైపాస్ అయిన ఒక రిటైర్డ్ హెడ్మాస్టారు ఎప్పుడు అడిగినా 11 అనేవారు. ఒకరోజు నేను ఆయన ముఖం కాకుండా చేతులు చూశాను. ట్రెడ్‌మిల్లు కమ్మీని ఎంత గట్టిగా పట్టుకున్నారంటే వేళ్ల కణుపులు తెల్లబడిపోయాయి. భుజాలు చెవుల దాకా లేచాయి. ప్రతి ఊపిరికీ మెడ నరాలు తాళ్లలా బిగుసుకుంటున్నాయి. పక్కన కుర్చీలో వాళ్లావిడ కళ్లప్పగించి కూర్చుని ఉంది. ఆవిడని కాసేపు బయట కూర్చోమని చెప్పి మళ్లీ అడిగాను. తలదించుకుని "పదహారమ్మా" అన్నారు. ఆవిడ భయపడుతుందని అన్నాళ్లూ 11 చెప్పారు. మరుసటి రోజు నుంచి వేగం తగ్గించి, నిజంగా 12 దగ్గర మొదలుపెట్టాం. మూడు నెలల తర్వాత మొదట 16 అనిపించిన ఆ వేగమే ఆయనకి 12 అనిపించింది.

మీరు బావగారితో నడుస్తున్నారు కాబట్టి ఇది మీకూ వర్తిస్తుంది. పక్కన మనిషి ఉంటే మగవాళ్లు ఒకటో రెండో తగ్గించి చెప్పుకుంటారు, తమకు తాము కూడా. ఆడవాళ్లది వేరే సంగతి. రోజంతా నీళ్లు మోసి, పిండి రుబ్బి, మేడ మెట్లెక్కే ఆవిడ అదంతా పని కిందే లెక్కపెట్టదు. "ఇదో పనా" అంటుంది. అలాంటివాళ్లకి 13 అంటే ఏమిటో ఒకసారి దగ్గరుండి చూపించాలి.

ఎలా నేర్చుకోవాలో చెబుతాను, ఎందుకంటే ఇది నేర్చుకునేదే, పుట్టుకతో రాదు. ముందు రెండు చివరలూ మీ జీవితంలోంచి పట్టుకోండి. 6 సులువు. 20కి మీ ఒంటికి గుర్తున్న అతి పెద్ద శ్రమ ఏదో తలచుకోండి. మా పేషెంట్లలో చాలామంది చెప్పేది స్టేషను సంగతే: పలాసలో బండి వేరే ప్లాట్‌ఫాం మీదికి వస్తోందని చివరి నిమిషంలో తెలిసి, రెండు చేతులా సంచులతో వంతెన ఎక్కి దిగి, కదిలే బండి పట్టుకున్న రోజు. అలాంటి జ్ఞాపకం ఒకటి ఉంటే మధ్యలో అంకెలు వాటంతట అవే సర్దుకుంటాయి. ఆ రోజుని మళ్లీ చేసి చూడాల్సిన పని లేదు, గుర్తుంటే చాలు.

తర్వాత నడుస్తూ ఐదు నిమిషాలకోసారి మనసులో అంకె చెప్పుకోండి. కాళ్లకో అంకె, ఊపిరికో అంకె కాదు, మొత్తం ఒంటికి కలిపి ఒక్కటే. వాచీ చూడకముందే చెప్పాలి. చూశాక చెబితే అది వాచీ అంకె అవుతుంది, మీది కాదు. మొదటి వారం అంకెలు గంతులేస్తాయి. రెండో వారానికి కుదురుకుంటాయి. ఆ తర్వాత దాన్ని తిరగేసి, "ఇప్పుడు 13లో నడుస్తాను" అని మీరే నిర్ణయించుకుని వేగం సర్దుకోవడం మొదలుపెట్టండి. చిన్న నోటుపుస్తకంలో తేదీ, ఎన్ని నిమిషాలు, ఏ అంకె, మాత్ర వేసుకున్న టైము రాసుకోండి. డాక్టరుకి వాచీ గ్రాఫు కంటే ఆ పుస్తకం ఎక్కువ ఉపయోగపడుతుంది.

చెప్పుకున్న అంకె నిజమేనా అని సరిచూసుకోవడానికి మాట ఉంది. మాట్లాడగలిగి, పాట పాడలేకపోతే మధ్యస్థ శ్రమ. నాలుగు మాటలకోసారి ఊపిరి కోసం ఆగాల్సి వస్తే అది దాటిపోయినట్టే. నేను పదమూడో ఎక్కం చెప్పమంటాను. తేలిగ్గా ఐదారు వరసలు ఒక్క ఊపిరిలో వస్తుంటే ఇంకా 11లోనే ఉన్నారు, కొంచెం వేగం పెంచవచ్చు. రెండు మూడు వరసలకోసారి ఊపిరి తీసుకుంటుంటే సరైనచోట ఉన్నారు. ఒక్క వరస మధ్యలోనే తెగిపోతుంటే తగ్గించండి. ఎక్కం ఇష్టం లేకపోతే అబ్బాయికి ఫోన్ చేయండి. "నాన్నా, నడుస్తున్నావా?" అని అడిగితే బాగున్నట్టు. "ఏమైంది నాన్నా, ఎందుకలా రొప్పుతున్నావ్?" అంటే ఎక్కువైనట్టు.

ఒకే దారి, ఒకే వేగం అయినా అంకె రోజూ ఒకటే ఉండదు. అది కొలతలో లోపం కాదు, దాని గొప్పతనమే అది. మన కోస్తా ఎండ సంగతి మీకు తెలుసు. ఏప్రిల్, మే నెలల్లో ఉక్కకి చెమట ఆరదు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. ఆరకపోతే గుండె రక్తాన్ని కాళ్లతో పాటు చర్మానికి కూడా ఎక్కువగా పంపాలి. జనవరిలో 12 అనిపించిన నడక మేలో 15 అనిపిస్తుంది. అప్పుడు వేగం తగ్గించుకోవడం బద్ధకం కాదు. గోపాల్‌పూర్ బీచికి వెళ్లినప్పుడు పొడి ఇసుకలో నడిచి చూడండి, అదే వేగానికి గట్టి నేల మీద కంటే రెట్టింపు పైగా శక్తి ఖర్చవుతుంది. నీళ్ల అంచున తడి ఇసుక మీద నడవండి, తేడా మీ అంకే చెబుతుంది. చైత్రమాసం మంగళవారాల్లో తారాతారిణి కొండకి వెళ్తే ఆ 999 మెట్లూ ఇంతే. కిందనుంచి హుషారుగా ఎక్కేవాళ్లు వంద మెట్లకే 16కి చేరిపోతారు. 13 దాటిందనిపించిన ప్రతిసారీ పక్కకి జరిగి నిలబడండి, మళ్లీ 10కి వచ్చాక కదలండి. మీకు ఈ ఏడాదికి రోప్‌వే మంచిది.

మనసు అలసట కూడా అంకెలోకి వస్తుంది. వేల్స్‌లోని బాంగోర్ యూనివర్సిటీలో సామ్యూలే మార్కోరా బృందం 2009లో ప్రచురించిన ప్రయోగంలో, కొంతమందిని గంటన్నర పాటు కంప్యూటరు ముందు మెదడుకి పని పెట్టి, తర్వాత సైకిలు తొక్కించారు. గుండె వేగంలో తేడా లేదు, కానీ శ్రమ ఎక్కువ అనిపించి మామూలు కంటే ముందే ఆపేశారు. మార్చి నెలాఖరు లెక్కలతో ఆఫీసులో తల వాచిన సాయంత్రం నడక బరువుగా అనిపిస్తే దానికి కారణం ఇదే. అలాంటి రోజు 13 వచ్చేచోటే నడవండి, నిన్నటి రౌండ్ల లెక్క పెట్టుకోకండి. నిద్ర లేకపోయినా ఇంతే.

ఒక గందరగోళం ముందే తీర్చేస్తాను. కొందరు డాక్టర్లు సున్నా నుంచి పది కొలతలో చెబుతారు. అందులో రెండు రకాలున్నాయి. పెద్దవయసువాళ్లకి చెప్పే మామూలు పది కొలతలో మధ్యస్థం అంటే 5 లేదా 6. బోర్గే తర్వాత తయారుచేసిన పది కొలతలో మధ్యస్థం 3 దగ్గర ఉంటుంది, 5 అంటే అప్పటికే గట్టి శ్రమ. "ఐదులో నడవండి" అని ఎవరైనా చెబితే ఏ కొలతలో ఐదో అడగండి. అడగడంలో తప్పు లేదు.

బరువులెత్తే కుర్రాళ్లకి ఇంకో రకం ఉంది. ఇంకా ఎన్నిసార్లు ఎత్తగలనో చూసుకుని చెప్పడం. ఇంకో రెండుసార్లు ఎత్తగలిగితే 8, అసలు ఎత్తలేకపోతే 10. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో స్వర్ణం తెచ్చిన కె. రవికుమార్ మా బరంపురం వాడే. ఆయన పేరు చెప్పుకుని ఇక్కడ జిమ్ముల్లో చేరే పిల్లలు చాలామంది. వాళ్లకి నేను చెప్పేది ఒక్కటే, రోజూ 10 దాకా పోవద్దని. మీరు చిన్న డంబెల్స్ మొదలుపెడితే మూడు నాలుగుసార్ల ఓపిక మిగిలి ఉండగానే దించేయండి. ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టొద్దు, బీపీ ఒక్కసారిగా పైకి పోతుంది.

చివరిగా, అంకెకి అందని సంగతులు కొన్ని ఉన్నాయి. ఛాతీలో బిగపట్టినట్టుండటం, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, చల్లటి చెమట, కళ్లు బైర్లు కమ్మడం, ఇవి వస్తే 13, 14 అని లెక్క వేయొద్దు. ఆగి, కూర్చుని, ఎవరినైనా పిలవండి. ఐదు నిమిషాల్లో తగ్గకపోతే ఆస్పత్రికి వెళ్లిపోవాలి. అయితే షుగరు ఉన్నవాళ్లలో నరాలు మొద్దుబారి, గుండెకి ఇబ్బంది వచ్చినా నొప్పి తెలియకపోవచ్చు. మీలాంటివారికి ఆ నోటుపుస్తకం ఎందుకు రాయమన్నానో దానికి పెద్ద కారణం ఇదే. నెలల తరబడి 12, 13 అని రాసుకుంటూ వచ్చిన అదే గ్రౌండు, అదే రౌండ్లు, ఎండ లేదు, జ్వరం లేదు, నిద్ర బాగానే పట్టింది, అయినా రెండు మూడు రోజులు వరసగా 15, 16 అని రాయాల్సి వస్తే, నొప్పి కోసం ఎదురుచూడకండి. ఆ పుస్తకం పట్టుకుని అదే రోజు వెళ్లి ఈసీజీ తీయించుకోండి. రేపు డాక్టరుని కలిశాక, నిన్న కళ్లు తిరగడానికి కారణం ఏమన్నారో, షుగరుకి ఏ మాత్ర వాడుతున్నారో ఇక్కడ రాయండి. మొదటి రెండు వారాలు ఎన్ని నిమిషాలతో మొదలుపెట్టాలో దాన్ని బట్టి చెబుతాను.